అద్దె చిత్రము - ఇంటివారి కాలము
(సంఘ సాంస్కృతిక సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



నాటకమైనను, హరికథయైనను, చలనచిత్రమైనను తెలుగువారు ఒంటరిగా చూచి తృప్తిపడువారు కారు. ఇంటిల్లిపాదియు కలిసి చూచి, మరునాడు దానినిగూర్చి ముచ్చటించుకొన్నగాని ఆ ఆనందము పూర్తి కాదు. అట్టి వినోదమును ఇంటికే తెచ్చినది వీడియో. దానివెంట గడువు అను బంధమును ఇంటికి వచ్చినది. ఆ గడువు ఎట్లు పుట్టినది, నేడు అది ఎంతవరకు న్యాయము అనునదే ప్రసంగ విషయము.

1982లో ఢిల్లీలో ఆసియా క్రీడలు జరిగిన సంవత్సరముననే దేశమున రంగుల టెలివిజను ప్రసారములు మొదలైనవి. ఆ దశాబ్దమున వి.సి.ఆర్. కొనజాలని కుటుంబములు టెలివిజనుతో సహా దానిని ఒక రాత్రికి అద్దెకు తెచ్చుకొనెడివి. అద్దె రాత్రికి గనుక మూడు నాలుగు చిత్రములు వరుసగా తెల్లవార్లు చూచుట పరిపాటి. పిల్లలు రెండవ చిత్రము నడుమనే నిద్రపోయెడివారు. పెద్దలు డబ్బు వృథా కారాదని కునికిపాట్లు పడుచునే కూర్చుండెడివారు. మరునాడు క్యాసెట్టును మొదటికి తిప్పి దుకాణమున అప్పగింపవలెను. ఆలస్యమైనచో మరియొక దినపు అద్దె పడెడిది.

కష్టమైనను ఆ గడువులో ధర్మము కలదు. క్యాసెట్టు ఒక్కటి, కోరువారు పలువురు. ఒకరి ఇంట నిలిచిపోయినచో మరియొకరికి దక్కదు. గ్రంథాలయమున పుస్తకమునకు గడువు విధించుటయు ఇందులకే.

నేడు స్థితి మారినది. చిత్రము ఇంటర్‌నెట్ ద్వారా ఇంటికి వచ్చుచున్నది. ఒకే చిత్రమును ఒకే రాత్రి వేయి ఇండ్లలో చూచినను ప్రతి తరుగదు, అరుగదు. తిరిగి అప్పగింపవలసిన వస్తువే లేదు. అయినను గడువు పోలేదు. సాధారణముగా నేటి నిబంధన ఇది: డబ్బు చెల్లించిన నాటినుండి 30 దినములలోగా చూచుట ప్రారంభింపవలెను, ప్రారంభించిన పిమ్మట 48 గంటలలోగా ముగింపవలెను. నడుమ చిత్రమును నిలిపివేసినను గడియారము నిలువదు.

48 గంటలు స్వల్పకాలమా అని ప్రశ్నింపవచ్చును. ఉద్యోగి ఇంటి లెక్క వేరు. ఆదివారము రాత్రి తొమ్మిది గంటలకు మొదలిడిన చిత్రమునకు మంగళవారము రాత్రి తొమ్మిది గంటలకు గడువు తీరును. ఆ నడుమ వచ్చునవి రెండు పనిదినములు. ఇంటియజమానికి రాత్రి డ్యూటీ పడవచ్చును. బాలునికి పరీక్ష ఉండవచ్చును. ఇల్లాలు కూడ ఉద్యోగస్థురాలైనచో వంట ముగియుసరికే పొద్దుపోవును. అందరును ఒక్కచోట కూర్చుండు గంట దొరకుటే దుర్లభము.

ప్రవాసమున ఉన్న తెలుగు కుటుంబములకు ఇందు మరియొక నష్టము కలదు. 1957లో విడుదలైన ‘మాయాబజారు’ వంటి చిత్రమును తీసికొనుడు. దాని నిడివి మూడు గంటలకు పైబడినది. హిందీ బడులలో చదువు పిల్లలకు అది ఒక్క బిగువున అర్థము కాదు. శశిరేఖ బలరాముని కుమార్తె యనియు, అభిమన్యుడు సుభద్ర కొడుకనియు, కావున అది మేనరికమనియు అమ్మమ్మ చెప్పవలెను. ఒక మాటకు అర్థము చెప్పుటకు చిత్రమును ఆపవలెను. నచ్చిన ఘట్టమును మరల చూపవలెను. ఇట్లు నాలుగు సాయంకాలములు పట్టినచో అది కాలహరణము కాదు, తెలుగు నేర్పుటయే. గడువు తొందరచేసినప్పుడు మొదట తెగిపోవునది ఈ సంభాషణయే.

హక్కుదారుల పక్షమున చెప్పదగినదియు కలదు. 1957 నాటి కాపీరైటు చట్టము ప్రకారము చిత్రమును వ్యాపారముగా అద్దెకిచ్చు హక్కు దాని యజమానిది. అద్దె వెల కొనుగోలు వెలకంటె తక్కువ. గడువు లేనిచో ఆ భేదమే నశించును. ఇది కాదనరానిది. గడువు వలదనుట న్యాయము కాదు. అది ఎంత ఉండవలెను అనునదే ప్రశ్న. 48 గంటలు బ్రహ్మలిఖితము కాదు. ఆపిల్ సంస్థ అమెరికాలో 2008లో చిత్రముల అద్దె ప్రారంభించినపుడు గడువు 24 గంటలే. 2017లో దానిని 48 గంటలకు పెంచిరి. ఒకమారు పెరిగినది మరియొకమారు పెరుగరాదా? ఒక వారము గడువిచ్చినను, లేక సగము చూచినవారికి స్వల్పరుసుముతో మరి రెండు దినములు పొడిగించినను సంస్థలకు కలుగు నష్టము స్వల్పము. కుటుంబములకు కలుగు సౌకర్యము అధికము.

అది జరుగులోపల గృహస్థులు పాటింపదగిన జాగ్రత్తలు కొన్ని కలవు. డబ్బు చెల్లించుటకు ముందే గడువు నిబంధన చదువవలెను. అద్దెకు తీసికొన్నను, అందరికి తీరిక చిక్కువరకు మీట నొక్కరాదు; 30 దినముల అవకాశము అందులకే ఉన్నది. వారమునకు అయిదు దినముల పని ఉన్నవారు శుక్రవారము రాత్రి మొదలిడినచో శని, ఆదివారములు చేతిలో ఉండును. పిల్లలు ఆతురతతో ముందుగా మీట నొక్కకుండ చూచుటయు అవసరమే. గడువు చాలదని తోచినవారు ఆ మాట ఇంటిలో అనుకొని ఊరకుండక సంస్థలకు వ్రాయవలెను. వ్రాయనిదే వారికి తెలియదు.

చిత్రము అద్దెదే కావచ్చును గాని, దానిముందు కూర్చున్న అమ్మమ్మయు, మనుమలును, వారి నడుమ సాగు తెలుగు మాటయు అద్దెకు దొరకునవి కావు. వానికి చాలినంత వ్యవధి ప్రతి ఇంటను లభించుగాక.