తీపికీ మతిమరుపుకీ ఉన్న లెక్క
పింఛనుదారుల సమావేశంలో జిల్లా సమాచార అధికారి ప్రసంగ పాఠం



ఎన్టీఆర్ భరోసా కింద నెలనెలా ఇంటికి వచ్చే 4,000 రూపాయల గురించి మీకు నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. ఈ రోజు మీ టీ గ్లాసు గురించి మాట్లాడతాను.

"మాత్ర వేసుకున్నానా, లేదా?" అని తడుముకుంటుంటే వయసు మీద పడిందని సరిపెట్టుకుంటాం. అన్నిసార్లూ వయసే కాదండీ. రక్తంలో షుగర్ ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే మెదడులోని సన్నని రక్తనాళాలు దెబ్బతింటాయి. కళ్లు, కిడ్నీలు పాడైనట్టే ఇదీను. 2013లో అమెరికాలో 2,067 మంది వృద్ధులపై ఒక పరిశోధన వెలువడింది. షుగర్ జబ్బు లేనివాళ్లలో కూడా, రక్తంలో గ్లూకోజు ఎక్కువున్నవారికి డిమెన్షియా, అంటే మతి తప్పే జబ్బు, వచ్చే ముప్పు ఎక్కువని అందులో తేలింది. అలాగని పంచదార మానేస్తే పోయిన జ్ఞాపకం తిరిగొస్తుందని వాట్సాప్‌లో ఎవరైనా పంపితే నమ్మకండి. ఆ పరిశోధన అంత మాట అనలేదు.

రోజుకు 25 గ్రాముల లోపు పంచదార అయితే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే సుమారు ఆరు చిన్న చెంచాలు. టీకి రెండు చెంచాల చొప్పున మూడు టీలు తాగితే అక్కడికే సరి! బిస్కెట్లు, కూల్‌డ్రింకు ఇంకా లెక్కలోకి రాలేదు. బెల్లం టీ అయితే ఫర్వాలేదనుకోవద్దు, రక్తంలోకి వెళ్లాక బెల్లమూ షుగరే. షుగర్ జబ్బు ఉన్నవాళ్లు ఎంత తినవచ్చో డాక్టరునే అడగాలి.

ఇంకో సంగతి, ఇది ఇంట్లోవాళ్లు కూడా వినాలి. షుగర్ మాత్రో ఇన్సులినో వేసుకుని భోజనం మానేస్తే షుగర్ ఒక్కసారిగా పడిపోవచ్చు. చెమటలు, వణుకు, మాట తడబాటు, మనుషుల్ని పోల్చుకోలేకపోవడం... చూసేవాళ్లు అది మతిమరుపే అనుకుంటారు. మింగగలిగితే వెంటనే పంచదార నీళ్లు తాగించండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయండి.

మెట్‌ఫార్మిన్ మాత్ర ఏళ్లుగా వాడేవారిలో బి12 విటమిన్ తగ్గవచ్చు, దానివల్ల కూడా మరుపు వస్తుంది. మాత్ర మాత్రం సొంతంగా ఆపకండి, బి12 పరీక్ష చేయించాలా అని డాక్టరుని అడగండి.

మీ ఊరి విలేజ్ హెల్త్ క్లినిక్‌లో, పీహెచ్‌సీలో షుగర్ పరీక్ష ఉచితం. వెళ్లేటప్పుడు వాడుతున్న మాత్రల అట్టలన్నీ సంచిలో వేసుకెళ్లండి, పేర్లు గుర్తుపెట్టుకోనక్కర్లేదు.