కొండ ఎక్కే బరువు, కొండ దిగే బరువు
(బ్రహ్మోత్సవ సన్నాహాలలో భాగంగా జరిగిన దాతల సమావేశంలో ఒక విశ్రాంత లారీ డ్రైవరు గావించిన ప్రసంగ పాఠం)



పురాణ ప్రవచనాలు వినిపించే ఈ వేదికపై నావంటివాడు నిలబడటం సాహసమే. నేను శాస్త్రాలు చదివినవాడను కాను. ముప్పది రెండేళ్లు ఘాట్ దారులలో లారీ నడిపి, ఆపైన కొన్నాళ్లు కొత్త డ్రైవర్లకు కొండదారి నేర్పినవాడను. ఉత్సవాలకు బియ్యం, బెల్లం, కూరగాయలు, మండప నిర్మాణానికి రాతిస్తంభాలు మీరు భక్తితో పంపుతున్నారు. ఆ బరువు కొండపైకి ఎట్లా చేరుతున్నదో మీకు విన్నవించమని ధర్మకర్తలు నన్ను ఆదేశించినారు.

తిరుమలకు మొదటి ఘాట్ రోడ్డు 1944లో వచ్చింది. అంతకుముందు భక్తులు కాలినడకన ఎక్కేవారు. నడవలేనివారిని డోలీలలో మోసేవారు. ఆ పాత దారిలో 36 హెయిర్‌పిన్ మలుపులు ఉన్నవి. 1974లో రెండవ దారి ఏర్పడింది. నేడు అక్కడ ఎక్కుటకు ఒక దారి, దిగుటకు ఒక దారి. మన కొండకు ఆ సౌకర్యం లేదు. ఉన్నది ఒక్కటే దారి. ఎక్కేవారు, దిగేవారు ఎదురెదురు పడవలసిందే. ఇరుకు చోట దిగేవాడు పక్కకు తొలగి ఎక్కేవానికి దారి ఇవ్వవలెనని రహదారి నియమం. బరువుతో ఎక్కుతున్న బండి ఒకసారి ఆగితే మళ్లీ కదలడం ఎంత కష్టమో తెలిసినవారు పెట్టిన నియమమది. కార్లలో దిగే మన భక్తులలో దీనిని పాటించేవారు తక్కువ. హారన్ మోగించేవారే ఎక్కువ.

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణాలలో పర్వత ప్రాంతపు దారికి సాధారణంగా అనుమతించే వాలు నూటికి 5. గత్యంతరం లేనిచోట 7. అంటే నూరడుగులు ముందుకు సాగితే ఏడడుగులు పైకి లేస్తాము. చూచుటకు స్వల్పమే. కాని 10 టన్నుల లారీని ఆ వాలు ఎల్లవేళలా సుమారు 700 కిలోల బలంతో వెనుకకు లాగుతూ ఉంటుంది. ఇంజను నడిచినా, ఆగినా, డ్రైవరు మెలకువగా ఉన్నా, కునికిపాటు పడినా ఆ లాగుడు ఆగదు. మలుపులో లోపలి అంచున వాలు మరింత నిటారుగా ఉంటుంది. అందుకే బరువు బండి బయటి అంచు పట్టుకుని విశాలంగా తిరుగుతుంది. వెనుకనున్న కారువారు దారి ఇచ్చినాడనుకుని లోపలి పక్కన దూరుతారు. బండి వెనుక చక్రాలు ముందు చక్రాల జాడలో రావు, మలుపు లోపలికి కోసుకుని వస్తాయి. ఆ దూరిన కారు ఉండేది సరిగా అక్కడే.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్పుకుంటాను. ఇన్నేళ్లూ సభలో చెప్పలేదు.

నలభై ఏళ్ల క్రిందటి మాట. మరొక కొండగుడికి ధ్వజస్తంభ పీఠపు రాళ్లు తీసుకుపోతున్న లారీ ఘాట్ నడుమ ఇంజను చెడి నిలిచిపోయింది. వెనుకనే సగం బరువుతో నేను వస్తున్నాను. రాళ్ల దాత కారులో వచ్చి, "ఏమయ్యా డ్రైవరూ, తెల్లవారితే ముహూర్తం. ఎట్లాగైనా లాగిపెట్టు, నీకు పుణ్యముంటుంది" అన్నాడు. ఆయన చెడ్డవాడు కాడు. ఆ రాత్రి ఆయన కంఠంలో ఉన్నది ఆదుర్దాయే. నాకు ఇరవై ఆరేళ్లు. పుణ్యం మాట విని కాదు, లాగలేనంటే చిన్నతనమని ఒప్పుకున్నాను. నా క్లీనరు పద్ధెనిమిదేళ్లవాడు, మా ఊరి పిల్లవాడే. ఇనుపమోకు చేతిలోకి తీసుకుని, "అన్నా, పోగులు తెగి ఉన్నాయి, క్రేను వచ్చేదాకా ఆగుదాం" అన్నాడు. నోరుమూసుకో అన్నాను.

మోకు కట్టినాము. వాడు అడ్డుదిమ్మ పట్టుకుని వెనుక లారీ చక్రం పక్కన నడుస్తున్నాడు. రెండు మలుపులు ఎక్కినాము. మూడవ మలుపులో నా ఇంజను రొప్పడం మొదలుపెట్టింది. మలుపు మొదలుకాక ముందే వేయవలసిన చిన్న గేరును మలుపు నడుమ వేసినాను. ఆ క్షణకాలంలో నా బండి లాగడం మానింది, వెనుక బండి మూరెడు జారింది, సడలిన మోకు ఒక్కసారిగా బిగిసి తెగింది. నిదానంగా లాగినపుడు ఓర్చే మోకు కుదుపుకు ఓర్వదు. వెనుక లారీ డ్రైవరు బ్రేకు తొక్కినాడు. ఇంజను ఆగిన బండిలో బ్రేకుకు గాలి నింపే యంత్రమూ ఆగిపోతుంది. తొట్టిలో మిగిలిన గాలి నాలుగైదు తొక్కులకే చెల్లిపోయింది. పిల్లవాడు పారిపోలేదు. దిమ్మ వేసినాడు. చక్రం దిమ్మనెక్కి వాని ఎడమకాలి మీదుగా పోయింది. లారీ కొండవైపు గోడకు ఆనుకుని నిలిచింది. లోయవైపు పోయి ఉంటే రెండవ డ్రైవరూ ఉండేవాడు కాడు.

మోకాలి క్రింద కాలు తీసివేసినారు. రాళ్లు మూడు రోజులకు క్రేను సాయంతో పైకి చేరినవి. మరొక ముహూర్తం చూచి పీఠం నిలిపినారు. స్వామి ఏమీ అనలేదు.

ఆ రాత్రి "వద్దు" అనగలిగినవారు ఇద్దరున్నారు, నేనూ దాతా. అందుకే ఈ మాటలు డ్రైవర్లకు కాక మీకు చెబుతున్నాను. డ్రైవరు మీ మాట జవదాటడు. రాత్రంతా నడిపించి, తెల్లవారుజామున ఘాట్ ఎక్కమంటే ఎక్కుతాడు. మీరు ముహూర్తానికి ఒకరోజు ముందు సరుకు పంపండి, కొండ దిగువన వానిని నాలుగు గంటలు పడుకోనివ్వండి. చెడిన బండిని ఘాట్‌లో తాడుతో లాగించకండి. లాగక తప్పనిచోట గట్టి ఇనుప దండం బిగించిన బండి కావలెను, లేదా క్రేను రావలెను.

పల్లెల నుండి ట్రాక్టరు ట్రాలీలలో వచ్చే వారికి మరొక మాట. ట్రాక్టరుకు ఎడమ చక్రానికి, కుడి చక్రానికి వేర్వేరు బ్రేకు పెడళ్లుంటాయి. దున్నేటపుడు అది ఉపయోగం. దారి మీద ఆ రెంటినీ కలిపి కొక్కెం వేయకపోతే, కంగారులో ఒకటి తొక్కినపుడు బండి అడ్డం తిరుగుతుంది. ట్రాలీకి చాలాచోట్ల సొంత బ్రేకే ఉండదు. ఎక్కేటపుడు అది వెనుకకు గుంజి ట్రాక్టరు ముందు చక్రాలను తేలికచేస్తుంది. దిగేటపుడు ముందుకు నెట్టి ట్రాక్టరును మడిచివేస్తుంది. అట్టి ట్రాలీలో బియ్యం బస్తాలపై ముప్పది మంది ఆడవారిని, పిల్లలను కూర్చుండబెట్టి భజన చేయిస్తూ తెస్తున్నారు. దయచేసి సరుకు ట్రాలీలో పంపండి, మనుషులు బస్సులో రండి. దిగువ నుండి మెట్లదారి కూడా ఉన్నది.

దిగడం సులభమని అందరి భ్రమ. 10 టన్నుల బండి 700 మీటర్ల ఎత్తు నుండి దిగేటపుడు వెలువడే శక్తి అంతా వేడిగా మారితే రెండు వందల లీటర్ల నీరు మరుగుతుంది. బ్రేకులతోనే దిగేవాడు ఆ వేడిని చాలావరకు డ్రమ్ములలోకి పంపుతున్నాడు. వేడెక్కిన బ్రేకు పట్టు వదులుతుంది. పెడలు ఎంత తొక్కినా బండి ఆగదు. ఏ గేరులో ఎక్కినామో ఆ గేరులోనే దిగవలెనని మా పెద్దలు చెప్పేవారు. నేటి బండ్లలో ఇంకా చిన్న గేరు కావలసి రావచ్చు. ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది, బ్రేకు అక్కడక్కడ సాయపడుతుంది. డీజిల్ మిగులుతుందని న్యూట్రల్‌లో దింపమనే యజమానులు ఈనాటికీ ఉన్నారు. కాలిన వాసన వస్తే పక్కకు ఆపి, చక్రాలకు దిమ్మలు వేసి చల్లారనివ్వవలెను. తొందరపడి నీళ్లు పోస్తే డ్రమ్ము పగులుతుంది.

ధర్మకర్తల మండలివారు నా విన్నపం మన్నించి, ఈ ఉత్సవాల నుండి దిగువ మండపం వద్ద చక్రాలకు వేసే చెక్కదిమ్మలు ఉంచుతున్నారు. ప్రతి బరువు బండికి రెండు ఇస్తారు. దిగి వచ్చినపుడు తిరిగి ఇవ్వవలెను. వాటిని చెక్కించినది, మండపం వద్ద కూర్చుని ఇవ్వబోయేది నా పాత క్లీనరే. కర్ర ఊతంతో నడుస్తాడు. బండి ఎక్కుతున్న శబ్దం విని ఏ గేరులో ఉన్నదో ఇప్పటికీ చెబుతాడు. మీ డ్రైవరును వానితో రెండు నిమిషాలు మాట్లాడనివ్వండి. దిమ్మలు మరచి ఇంటికి తీసుకుపోకండి, ఉన్నవి నలభై జతలే.