గుర్తులు, పద్దులు
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగపాఠము)



నేను పండితుడను గాను. మా తాతగారు ఈ గ్రామ కరణము. 1984లో కరణీకములు పోయినవి. నేను రైతులకును, సంఘములకును లెక్కలు వ్రాసి బ్రదుకుచున్నాను. భారతమును నాకెవ్వరును పాఠము చెప్పలేదు. ఈ గ్రంథాలయము పెట్టిన క్రొత్తలో ఆదిపర్వమును ఇంటికి గొనిపోయితిని. పది పద్యములు దాటకముందే కండ్లు తిరిగినవి. అయితే ఆ ప్రతి యెవరో దానమిచ్చినది. నాకు ముందు దానిని చదివినవారొకరు కఠినపదముల క్రింద పెన్సిలుతో సన్నని గీతలు గీచి, అంచున అర్థము వ్రాసి, ఆ పదము మరల ఏ పుటలో వచ్చునో అదియు గుర్తుపెట్టియుండిరి. పేరు తెలియని ఆ పాఠకుడే నాకు గురువు. పుస్తకములపై గీతలు గీయరాదని మన గోడమీద బల్ల యున్నది. గ్రంథపాలకులు నన్ను క్షమింతురు గాక!

ఒకరు పెట్టిన గుర్తు మఱియొకరికి దారి చూపుట యనునది ఇంటర్నెట్టునందును కలదు. 2003లో జాషువా షాక్టర్ అను అమెరికా దేశీయుడు 'డెలీషియస్' అను సాధనమును పెట్టెను. మంచి పుట యొకటి కనబడినచో దాని చిరునామాను మన యంత్రములో దాచుకొనక, అందఱికిని కనబడుచోట ఉంచి, దానికి రెండు మూడు మాటలు తగిలించుటయే అందలి పని. అదే మాటను తగిలించిన తక్కినవారి గుర్తులన్నియు ఒక్కచోట కానవచ్చును. తరువాత వచ్చిన 'డీగో' అనునది పుటలోని వాక్యము క్రింద గీత గీచి, ప్రక్కన వ్యాఖ్య వ్రాసి, ఉపాధ్యాయులు గుంపుగా పంచుకొనుటకు వీలు కల్పించెను. నా పెన్సిలు గురువు చేసిన పనియే, పుస్తకము చెడకుండ!

ఆ తగిలించు మాటను నేను పద్దు అందును. లెక్కలలో ఒక్క రూపాయి రెండు పద్దులలో కనబడినచో అది తప్పు, తనిఖీవారు ఊరకుండరు. ఇచ్చట అదియే గుణము. నాగార్జునకొండ పాఠమునే చూడుడు. 1954 మొదలు 1960 వరకు అచ్చట త్రవ్వకములు జరిగినవి. పిదప ఆ లోయ జలాశయములో మునిగినది. దొరకిన శిల్పములు కొండమీది ప్రదర్శనశాలలో నున్నవి. కొన్ని కట్టడములను అనుపునందు మరల నిలిపిరి. దీనిని గూర్చిన మంచి చిత్రముల పుట యొకటి దొరకెననుకొందము. 'చరిత్ర' అని మాత్రమే వ్రాసినచో చరిత్ర చెప్పువారికే చిక్కును. 'బౌద్ధము', 'ఇక్ష్వాకులు', 'ఆనకట్ట', 'మాచర్ల విహారయాత్ర' అనికూడ వ్రాసినచో సైన్సు మాస్టరు గారికిని, పిల్లలను బస్సులో తీసికొనిపోవు పంతులమ్మ గారికిని చిక్కును. వెదకువాని నోట వచ్చు మాటయే పద్దు కావలెను గాని, మన పాండిత్యము కాదు. ఒకరు పల్నాడు అనియు, ఒకరు పలనాడు అనియు, వేఱొకరు ఆంగ్లలిపిలోను వ్రాసినచో ఒకే గ్రామపు లెక్క మూడు గ్రామములకు చీలిపోవును. నేనును మొదట అట్లే చేసితిని.

ఇప్పుడు వాట్సాప్ ఉండగా ఇదంతయు నెందులకని అడుగుదురు. ఉదయము వచ్చిన పాఠము సాయంత్రమునకు పెండ్లి శుభాకాంక్షల క్రిందబడి మునిగిపోవును. 2017లో కేంద్ర ప్రభుత్వము నెలకొల్పిన 'దీక్షా' మంచిదే. పాఠ్యపుస్తకములందలి చతురస్రపు ముద్రకు ఫోను చూపినచో పాఠము వచ్చును. కాని అది పైవారు ఏర్చినది. మన పిల్లవాడు ఎచ్చట తడబడునో పైవారికెట్లు తెలియును?

ఇక అసలు దిగులు చెప్పెదను. మన బడిలో పనిచేసిన ఒక ఉపాధ్యాయుడు నాలుగేండ్లపాటు రాత్రులు మేల్కొని, తెలుగు, లెక్కలు, పరిసరాల పాఠములకు వందలకొలది చిరునామాలు కూర్చెను. ఆయనకు బదిలీ యైనది. ఆ జాబితా ఆయన ఫోనులో నుండెను. ఆ ఫోను చెడిపోయినది. క్రొత్తగా వచ్చినవారు మొదటినుండి వెదకుచున్నారు. ఇందు ఎవరి దోషమును లేదు. మనము అడిగి వ్రాసికొనలేదు, అంతే. పెద్ద కొట్లును స్థిరములు గావు. డెలీషియస్‌ను 2005లో యాహూ కొనెను, 2011లో అమ్మివేసెను. 2017లో 'పిన్‌బోర్డు' వారి చేతికి వచ్చి, క్రొత్త గుర్తులు చేర్చుట నిలిచిపోయెను.

మన సీమలో ఇట్టి సంగతి పూర్వమును జరిగినది. మెకంజీ దొర పక్షమున కావలి సోదరులు మొదలగువారు గ్రామములు తిరిగి, కరణముల కవిలెలను చూచి కైఫీయతులు వ్రాయించిరి. దొర 1821లో గతించెను. కవిలెలు చాలవఱకు చెదలపాలైనవి. నకలు తీసినవి మాత్రము మదరాసు ప్రాచ్యలిఖిత గ్రంథాలయమునకు చేరి, నేటికిని పరిశోధకుల చేతికి వచ్చుచున్నవి. మా తాతగారి కవిలె యొక్కటియు నాయొద్ద లేదు.

కావున డీగోనందు మన గ్రంథాలయము పేర గుంపొకటి తెఱచితిని. దానికి తోడుగా ఈ బల్లమీద అట్టవేసిన చిట్టాపుస్తకమొకటి పెట్టితిని. తెరమీద చేర్చిన ప్రతి గుర్తును తేది, చిరునామా, పద్దులు, చేర్చినవారి పేరుతో అందు వ్రాయవలెను. నెలకొకసారి రెంటిని సరిచూచు పని నాది. ఫోను లేనివారు చీటీపై వ్రాసి యిచ్చినను చాలును. బదిలీపై పోవు ఉపాధ్యాయులు వీడ్కోలు సభకు ముందు ఒక్కపూట ఇచ్చట కూర్చుండవలెనని ప్రార్థన.

ఇప్పటికి నలువదియేడు పద్దులు వ్రాసితిని. 'భిన్నములు' అను పద్దు క్రింద ఒక్క గుర్తును లేదు. అయిదవ తరగతివారికి వచ్చే నెలలో ఆ పాఠమే మొదలగునట. తెలిసినవారు చిట్టా చూడుడు. కలము దారముతో కట్టియున్నది.