జాతికుక్కల పెంపకము



లింగాల ప్రాంతమున గొఱ్ఱెలమంద వెంట తిరుగు కాపరిని "నీ కుక్క ఏ జాతిది?" అని యడిగినచో ఆతడు నవ్వును. మందకు కావలియుండు కుక్కకు జాతితో నేమి పని? పైరు కోసిన చేనిలో ఎరువుకొఱకు మందను నిలిపిన రాత్రివేళ, తోడేలి అలికిడి కందఱికంటె ముందుగా చెవి నిక్కించినదే మంచికుక్క. అది యెండకు తాళవలయును, కంపలలో బడి పరుగెత్తవలయును, పెట్టిన సంగటిముద్దతో తృప్తి చెందవలయును. గొఱ్ఱెపిల్లను మాత్రము కఱవరాదు. ఇట్టి కుక్క యీనినదని తెలిసినచో ఇరుగుపొరుగు కాపరులు పిల్లలకై ముందుగానే చెప్పుకొందురు. పనికిరానిదాని పిల్లల నడుగువారుండరు. ఇదియు నొక యెంపికయే. కాని యిందు పరీక్షాధికారి పని. మనుష్యుని కన్ను గాదు.

ఇప్పుడు పులివెందుల, ప్రొద్దుటూరు మొదలగు పట్టణములకు వేఱొక యెంపిక వచ్చినది. పగ్గు, లాబ్రడారు, హస్కీ యను పేళ్లుగల కుక్కపిల్లలను వేలకొలది రూపాయలిచ్చి కొనుచున్నారు. పిల్లతోపాటు ఒక్కొక్కప్పుడు ఒక కాగితము వచ్చును. అందు తండ్రి, తాత, ముత్తాతల పేళ్లుండును. కొన్నవాడు దానిని జూచి సంతోషించును. ఆ కాగితము చెప్పున దేమి, చెప్పని దేమి యనునదే నేటి నా ప్రసంగము.

పనినిబట్టి కుక్కలను వేఱుపఱచుట ప్రాచీనమైన యాచారమే. రూపమునుబట్టి జాతిలక్షణములు వ్రాసిపెట్టి, ప్రదర్శనములలో బహుమానము లిచ్చుట మాత్రము పందొమ్మిదవ శతాబ్దమున ఇంగ్లండులో ప్రబలినది. 1873 లో లండనున కెన్నెల్ క్లబ్బు స్థాపితమయ్యెను. వంశావళి పుస్తకములు పుట్టినవి. పుస్తకమున కెక్కిన కుక్కల సంతానమే ఆ జాతి. వెలుపలి రక్తము చేరరాదు. ఇట్లు తలుపులు మూసిన యింటిలో నూఱేండ్లు పెండ్లిండ్లు జరిగిన నేమగును?

మేనరికము మన సీమవారికి తెలియనిది గాదు. మేనత్త కొడుకును మేనమామ కూతురును పెండ్లాడినచో, ఒక జన్యువు ఒకే పూర్వునినుండి తల్లివైపునను తండ్రివైపునను బిడ్డకు వచ్చు నవకాశము నూటికి 6.25 పాళ్లు. అక్క కూతురిని చేసికొన్నచో 12.5. తల్లికి కొడుకును, అన్నకు చెల్లెలిని కూర్చినచో 25. మనుష్యులలో మహాపాతకమని యెంచు నీ కడపటి పనిని పెంపకందార్లు కుక్కలలో బుద్ధిపూర్వకముగనే చేయుచు వచ్చిరి. బహుమానము పొందిన మగకుక్క రూపు చెదరక నిలుచునని వారి యాశ. రూపు నిలిచినది; దానితోపాటు దాగియున్న దోషములును నిలిచినవి. బ్రిటనులో సుమారు 10,000 పగ్గు కుక్కలున్నను, వాని యన్నింటిలోని జన్యువైవిధ్యము చుట్టఱికము లేని 50 కుక్కలలో నుండునంతయే యని 2008 లో లండను ఇంపీరియల్ కళాశాల పరిశోధకులు తేల్చిరి. తెలిసిన గొఱ్ఱెలకాపరి తన మందలోని పొట్టేలును రెండు మూడేండ్లకు మార్చుకొనును. అది తన కూతుళ్లకే తోడు గారాదని యాతనికి ఏ కళాశాలయు చెప్పనక్కఱలేదు.

ఊరకుక్కలకు రోగములే లేవని నే ననను. వానిలో ననేకము పిచ్చిరోగముచేతను, అంటురోగములచేతను, బండ్లక్రింద బడియు చచ్చుచున్నవి. నే జెప్పునది మనుష్యుడు తన వేడుకకై కొనితెచ్చిపెట్టు వ్యాధులనుగూర్చి.

పగ్గు ముక్కునే చూడుడు. కుక్కకు మనవలె ఒడలంతట చెమట పట్టదు. అది నాలుక చాచి రొప్పుటచేతనే దాని వేడి తగ్గును. ముక్కులోని తడిపొరలును ఇందుకు తోడ్పడును. ముఖమును చదునుచేసి ముక్కు నణచివేసిన పగ్గునకును, బుల్‌డాగునకును ఆ గాలిత్రోవయే యిఱుకు. అంగిటి మెత్తనికండ గొంతున కడ్డుపడును. అది గుఱకపెట్టి నిద్రించుచుండ మనము ముద్దుగ నున్నదని మురియుదుము. వేసవిలో మన లింగాల యెండ 40 డిగ్రీలు దాటును. ఆ యెండలో దాని యవస్థ వేఱుగ చెప్పనేల? ఇక బుల్‌డాగు పిల్లల తల పెద్దది, తల్లి కటి యిఱుకు. 2010 లో బ్రిటనున ప్రకటింపబడిన యొక పరిశీలనమునుబట్టి, వాని కాన్పులలో నూటికి 80 కి మించి శస్త్రచికిత్సచేతనే జరిగినవి. తనంతట తా నీనలేని జంతువును నిర్మించి దానికే పతకము కట్టుట వింతగాదా!

ఇది దొరల వేడుక, మనకేమి యని తలపరాదు. తెలుగువారితో ముడివడిన కుక్కజాతి యొకటి గలదు. తమిళనాట విరుదునగరు జిల్లాలో రాజపాళయమను పట్టణమున్నది. పూర్వము తెలుగుదేశమునుండి తరలిపోయిన రాజులు అచ్చట స్థిరపడి నేటికిని ఇండ్లలో తెలుగు మాటలాడుచున్నారు. ఆ యూరిపేరనే ప్రసిద్ధికెక్కిన వేటకుక్క యది. పొడవైన కాళ్లు, పాలవంటి తెలుపు, గులాబిరంగు ముక్కు. 2005 లో మన తపాలాశాఖ వెలువరించిన నాలుగు దేశీయ కుక్కల బిళ్లలలో దీనిది యొకటి. ఈ జాతిలో వేఱు వన్నెల పిల్లలును పుట్టును. కాని కొనువారు తెలుపునే కోరిరి. పెంపకందార్లు తెలుపునే నిలుపుకొనుచు వచ్చిరి. అందుచే చెవిటిపిల్లలు పుట్టుట ఈ జాతికొక పీడయైనది.

తెలుపునకును చెవుడునకును సంబంధమేమని యడుగుదురేమో. చర్మమునకును వెండ్రుకకును రంగునిచ్చు కణములవంటివే లోపలిచెవియందును ఉండవలయును. శబ్దమును గ్రహించు భాగము బ్రతుకుటకు కావలసిన లవణముల పొందికను అవి కాపాడును. ఆ కణములు చెవిదాక చేరనిచో, పిల్ల పుట్టిన కొన్ని వారములలోనే లోపలిచెవి చెడును, మరల బాగుపడదు. తెల్లని యొంటిపై నల్లమచ్చలుగల డాల్మేషియను కుక్కలను అమెరికాలో పరీక్షింపగా, నూటికి సుమారు 30 ఒక చెవికో రెండుచెవులకో చెవిటివని తేలినది. కావలికుక్కకు కంటికంటె చెవి ముఖ్యము. మనము దానికి తెలుపునిచ్చి చెవి తీసికొంటిమి. ఆంధ్రమహాభారతము ఆదిపర్వమున జనమేజయుని తమ్ములు నిరపరాధియైన సరమ కొడుకును కొట్టిరని చదువుదుము. వారికి కోపమైన నుండెనేమో; ఇందు రంగుపై మక్కువ దక్క వేఱు కారణము లేదు.

దోషమును సరిదిద్దు మార్గము లేకపోలేదు. ఆ డాల్మేషియనులకే మఱియొక లోపముండెను. మూత్రమున యూరికామ్లము మిక్కుటమై, పెక్కు మగకుక్కలకు రాళ్లు కలుగుచుండెను. 1973 లో రాబర్టు షైబిల్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు ఒక డాల్మేషియనును పాయింటరు జాతి కుక్కతో జతగూర్చి, పిమ్మట ఆ సంతతిని మరల డాల్మేషియనులతోనే కలుపుచు వచ్చెను. కొన్ని తరములకు మచ్చలు మచ్చలుగనే యుండెను, దోషము పోయెను. ఐనను ఆ సంతతికి అమెరికను కెన్నెల్ క్లబ్బు పుస్తకమున స్థిరమైన చోటు దొరకుట 2011 లో గాని జరుగలేదు. ముప్పదియెనిమిదేండ్లు! అడ్డుపడినది శాస్త్రముగాదు, రక్తశుద్ధి యను మాట.

నార్వే అత్యున్నత న్యాయస్థానము 2023 లో, కవలియరు కింగ్ ఛార్లెస్ స్పానియలు కుక్కలను తమలో తమకే జతపఱచుట జంతుసంక్షేమ శాసనమునకు విరుద్ధమని తీర్పు చెప్పినది. గుండెజబ్బునకును, మెదడునకు చాలని కపాలమునకును ఆ జాతి పేరుపడినది. మనదేశమున 2017 లో కేంద్రప్రభుత్వము కుక్కల పెంపకమునకును అమ్మకమునకును నియమములు చేసినది. పెంపకందారు రాష్ట్ర జంతుసంక్షేమ మండలియందు నమోదు కావలయును. 18 నెలలు నిండని యాడకుక్కను జతపఱుపరాదు. దానిచే ఐదుమాఱులకు మించి యీనింపరాదు. ఎనిమిది వారములు నిండని పిల్లను అమ్మరాదు. నియమములు మంచివే. వానిని పాటించువాడెవ్వడో తెలిసికొను శ్రమ మాత్రము కొనువానిదే.

జాతికుక్కనే కొనదలచినవారు కాగితముకంటె ముందు తల్లికుక్కను చూపుమని యడుగవలయును. అది పరుగెత్తగలదా, ఊపిరి చప్పుడు లేక పీల్చుచున్నదా, కత్తిలేక యీనినదా యని చూడవలయును. కాగితమున ఒకే పేరు తల్లివైపునను తండ్రివైపునను కనబడినచో కారణ మడుగవలయును. ప్రొద్దుటూరున పశువైద్య కళాశాల యున్నది. మన ప్రాంతమువారు పిల్లను అచ్చట చూపుట సులభము.

తెల్లని పిల్లను కొనువారు దానిని తోడిపిల్లలనుండి వేఱుచేసి, వెనుక నిలిచి, తాళపుచెవుల గుత్తిని కదపవలయును. తోడివాండ్రున్నచో వారు తిరుగుట జూచి చెవిటిదియు తిరుగును. నేలను తట్టరాదు, అదురు కాళ్లకు తెలియును. ఒక చెవి మాత్రమే చెడిన పిల్ల యీ పరీక్షకు చిక్కదు. దానిని యంత్రముచే మెదడు స్పందనమును కొలిచి కనుగొనవలయును. చెవిటిదని తేలిన పిల్లను చంపుటగాని వీధిపాలు చేయుటగాని వలదు. చేతిసైగలకు అది చక్కగ నలవడును. ప్రహరిగల యింట నుంచి, బయటికి త్రాటితో నడిపించుచు పెంచవచ్చును. దానికి సంతానము కలుగకుండ శస్త్రచికిత్స చేయింపవలయును; దాని తోబుట్టువులను జతపఱచుటకును తొందరపడరాదు.