ఆమె చెప్పిన లెక్క తప్పు కాదు
(మండల సమాఖ్య వార్షిక మహాసభలో ఒక సంఘ సభ్యురాలి ప్రసంగం)



పొదుపు గురించి, లింకేజీ గురించి చాలామంది చెప్పారు. నేను నా స్నేహితురాలి గురించి చెప్తాను. ఆమె మా సంఘంలోనే ఉంది. ఆమెను అడిగే చెప్తున్నాను, పేరు మాత్రం చెప్పను.

ఆమె మనిషి మొహం చూసి మాట్లాడదు. మైకు గట్టిగా పెడితే చెవులు మూసుకుంటుంది. మీటింగు ఒకరింటి నుంచి ఇంకొకరింటికి మారిస్తే గుమ్మం దాకా వచ్చి వెనక్కి వెళ్ళిపోతుంది. ఒకసారి నేను "వెళ్ళొస్తా" అని బయల్దేరితే, నిజంగానే మళ్ళీ వస్తాననుకుని రాత్రి తొమ్మిదింటి దాకా తలుపు తీసి కూర్చుంది. మేమంతా నవ్వుకున్నాం. కానీ ఎవరి కిస్తీ ఎంత, ఏ నెలలో ఎవరు కట్టలేదు అన్నది పుస్తకం తెరవకుండానే చెప్తుంది.

ఒక మీటింగులో అందరి ముందు లీడరుతో "రెండు వందలు తేడా ఉంది" అనేసింది. లీడరుకు దొంగ అన్నట్టు వినిపించింది. మాటా మాటా పెరిగి, ఆమెను సంఘం నుంచి తీసేద్దామని తీర్మానం దాకా వచ్చింది. చెయ్యెత్తిన వాళ్ళలో నేనూ ఉన్నాను. ఆమె ఒక్కటే అడిగింది: "నేను చెప్పిన లెక్క తప్పా?" ఎవరం నోరు మెదపలేదు. మర్నాడు చూస్తే ఒక కిస్తీ వేరే గడిలో రాసి ఉంది. తేడా సరిగ్గా రెండు వందలే.

ఆ తర్వాత కొన్నాళ్ళకు మా చెల్లెలి కొడుకును ఆసుపత్రికి తీసుకెళ్ళాం. డాక్టరమ్మ అడిగిన ప్రశ్నలు ఒక్కొక్కటి వింటుంటే నాకు నా స్నేహితురాలే కనపడింది. దీన్ని ఆటిజం అంటారట. మాటలు బాగానే వచ్చి, చదువు బాగానే ఉన్నవాళ్ళకు ఇదివరకు ఆస్పర్జర్స్ అనేవారు. 2013 నుంచి డాక్టర్ల పుస్తకంలో రెండూ ఒకే పేరు కింద పెట్టారు. ఇది పిచ్చి కాదు, పెంపకంలో లోపం కాదు. పుట్టుకతోనే మెదడు పనిచేసే తీరు వేరు. ఆడపిల్లలు పక్కవాళ్ళను చూసి నవ్వడం, తల ఊపడం నేర్చుకుని నెట్టుకొస్తారు కాబట్టి చాలామందిలో బయటపడదు.

నేను చేసిన తప్పు కూడా చెప్పాలి. ఇంటికి రాగానే "నీకు ఆటిజం ఉన్నట్టుంది" అనేశాను. నేను డాక్టరునా? ఆమె రెండు వారాలు నాతో మాట్లాడలేదు. వెళ్ళి తప్పయిందన్నాను. అప్పుడు చెప్పింది, "నాకేదో తేడా ఉందని చిన్నప్పట్నుంచీ తెలుసు. పిచ్చిదంటారని ఎవరికీ చెప్పలేదు" అని.

అప్పట్నుంచి కొన్ని పద్ధతులు పెట్టుకున్నాం. మీటింగు చోటు మారితే ముందురోజే చెప్తాం. "చూద్దాంలే" అనం, అవునో కాదో చెప్తాం. ఎత్తిపొడుపు మాటలు మానేశాం. తలుపు దగ్గర, సందడి తక్కువున్న చోట కూర్చుంటుంది. లెక్కలో తేడా కనిపిస్తే ముందు లీడరుకు ఒక్కదానికే చూపిస్తుంది, లీడరు అప్పుడే సరిదిద్దుతుంది. ఇప్పుడు మా పుస్తకాలు సరిచూసేది ఆమే. ఆ తీర్మానం కాగితం లీడరే చింపేసింది.

డాక్టరుకు చూపించుకోవాలా వద్దా అన్నది ఆమె ఇష్టం. దారులు మాత్రం చెప్పి ఉంచాను. 14416కు ఫోన్ చేస్తే టెలి మానస్ వాళ్ళు ఏ వేళైనా ఉచితంగా మాట్లాడతారు, తెలుగులోనే. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఆటిజం కూడా ఉంది. ఆటిజాన్ని పోగొట్టే మందు లేదు. ఎవరైనా ఉందని డబ్బు అడిగితే నమ్మకండి. కానీ దాంతోపాటు వచ్చే దిగులుకు, నిద్ర పట్టకపోవడానికి వైద్యం ఉంది.

అక్కలారా, మీ సంఘంలోనూ "మొండిది", "తిక్కది" అని పేరుపడ్డ మనిషి ఉండొచ్చు. ఆమెకు ఏముందో తేల్చడం మన పని కాదు. తీసేయాలని చెయ్యెత్తే ముందు ఆమె చెప్పిన మాట నిజమా కాదా అని ఒక్కసారి పుస్తకం తెరిచి చూడండి. నేను అప్పుడు చూడలేదు. అందుకే ఇవాళ చెప్తున్నాను.

సెలవు.