పదిహేడేళ్ళకి ఇల్లు వదిలితే: అమిష్ పిల్లల కథ

ఒక్క నిమిషం ఇలా ఊహించుకోండి. మీకు పదిహేడేళ్ళు. ఇంట్లో కరెంటు కనెక్షన్ లేదు, టీవీ లేదు, తిరగడానికి గుర్రపు బండి. చదువు ఎనిమిదో క్లాస్‌తో ఆపేశారు. ఒక రాత్రి చేతిసంచి పట్టుకుని సిటీకి వచ్చేశారు. ముందుగా మీకు ఏం కావాలి?

నేనైతే ఫోన్ అనుకున్నాను. అసలు కావాల్సింది కాగితాలట!

నేను చెప్తున్నది అమెరికాలోని అమిష్ వాళ్ళ గురించి. పెన్సిల్వేనియా, ఒహాయో, ఇండియానాల్లో ఎక్కువగా ఉంటారు. మొత్తం 3 లక్షల పైనే. ఇంట్లో మాట్లాడేది ఒక రకం జర్మన్, ఇంగ్లీష్ బళ్ళో నేర్చుకుంటారు. సోషల్ సెక్యూరిటీ పద్ధతి నుంచి 1965లో వాళ్ళకి మినహాయింపు ఇచ్చారు. అందుకే చాలామందికి ఆ నంబరే ఉండదు. ఫోటో దిగడం కూడా తప్పనే చూస్తారు, కాబట్టి ఫోటో ఐడీ కష్టం. ఇవి లేకపోతే సిటీలో ఉద్యోగం ఎవరిస్తారు చెప్పండి?

బీటెక్ అయ్యి అమీర్‌పేటలో హాస్టల్‌లో దిగినప్పుడు, లిఫ్ట్ అంటే భయమేసి నాలుగు అంతస్తులూ మెట్లెక్కేవాణ్ణి. నవ్వకండి! కానీ నా జేబులో ఆధార్ ఉంది, బ్యాగులో సర్టిఫికెట్లు ఉన్నాయి, రాత్రి తొమ్మిదింటికి అమ్మ ఫోన్ వచ్చేది. ఆ ఫోన్ దగ్గరే నేను ఆగిపోయాను.

ఎందుకంటే అమిష్‌లో పుట్టగానే బాప్తిస్మం ఇవ్వరు. పెద్దయ్యాక, తెలిసి తీసుకోవాలి. దాదాపు పదహారేళ్ళ నుంచి బాప్తిస్మం దాకా ఉన్న కాలాన్ని రుమ్‌స్ప్రింగా అంటారు. అప్పుడు కొంచెం వదులు ఇస్తారు. దాన్ని మనవాళ్ళు పార్టీల సీజన్‌లా చూపిస్తారు గానీ, చాలామందికి అది ఆదివారం సాయంత్రం ఫ్రెండ్స్‌తో పాటలు పాడుకోవడం, పెళ్ళి సంబంధం చూసుకోవడం. ఈ లోపు వెళ్ళిపోతే, అమ్మానాన్నలు బాధపడతారేమో గానీ సంఘం వెలి వేయదు. బాప్తిస్మం తీసుకుని వెళ్ళిపోతే మాత్రం వెలి. చూడ్డానికి ఇంటికొచ్చినా, చాలాచోట్ల భోజనానికి వేరే బల్ల వేస్తారు. అంటే ఆ వయసులో వాడు లెక్కేసుకోవాల్సింది సిటీలో బతకగలనా అని ఒక్కటే కాదు, అమ్మ పక్కన కూర్చుని తినడం కూడా.

ఎక్కువమంది ఉండిపోతారు. నిజంగా ఇష్టమై ఉండేవాళ్ళే ఎక్కువ అని నా నమ్మకం. కానీ ఎనిమిదో క్లాస్ చదువుతో, బయట ఒక్కరూ తెలియకుండా, "ఇష్టం" అనే మాటని ఎంతవరకు నమ్మాలి?

ఈ గొడవ 1972లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. విస్కాన్సిన్‌లో పిల్లల్ని హైస్కూల్‌కి పంపని ముగ్గురు తండ్రులకి తలా 5 డాలర్ల ఫైన్ వేశారు. చివరికి తండ్రులే గెలిచారు. జస్టిస్ డగ్లస్ మాత్రం ఒక మెలిక పెట్టాడు: మరి పిల్లల్ని అడిగారా? సాక్ష్యంలో తన ఇష్టం చెప్పింది ఒకే ఒక్క అమ్మాయి. తన మతమే తనని హైస్కూల్‌కి వెళ్ళనివ్వట్లేదని చెప్పింది. మిగతా ఇద్దరు పిల్లల్ని ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు.

మీరైతే వాళ్ళని ఏం అడిగేవాళ్ళు? కామెంట్‌లో రాయండి. వచ్చే వారం కలుద్దాం, ఉంటాను.