ఫార్వర్డు ఆగదు, సవరణ చేరదు

పట్టాలు అందుకున్న మీకందరికీ అభినందనలు.

స్టాటిస్టిక్స్ చదివి, మందుల పరీక్షల డేటా చూసే ఉద్యోగంలో చేరాను. నా మొదటి మేనేజరు గారు ఏ టేబుల్ తీసుకెళ్లినా ఒకటే అడిగేవారు: "దేనితో పోలిస్తే?" మందు వేసుకున్న వందమందిలో ఇరవైమందికి తలనొప్పి అని రాస్తే, వేసుకోనివాళ్లలో ఎంతమందికి వచ్చిందో పక్క కాలమ్‌లో ఉండాలి. లేకపోతే కాగితం అక్కడే తిప్పి ఇచ్చేసేవారు. నా వృత్తి జీవితమంతా ఆ ప్రశ్న మీదే నడిచింది.

ఆ ప్రశ్న అడగకపోతే ఏమవుతుందో చూడండి. 2022 జనవరిలో 15 నుంచి 18 ఏళ్లవారికి కోవిడ్ టీకా మొదలైనప్పుడు మీలో చాలామందికి వేసింది కోవాక్సిన్. మన హైదరాబాద్ జీనోమ్ వ్యాలీలోని భారత్ బయోటెక్ తయారుచేసినదే. 2024 మే నెలలో దాని మీద బనారస్ హిందూ విశ్వవిద్యాలయ పరిశోధకుల పత్రం 'డ్రగ్ సేఫ్టీ' పత్రికలో వచ్చింది. టీకా వేయించుకున్న 926 మందిని ఏడాది తర్వాత ఫోన్లో అడిగారు. 635 మంది కౌమారుల్లో 304 మందికి జలుబు, గొంతునొప్పి లాంటి వైరల్ ఇన్ఫెక్షన్లు వచ్చాయన్నారు. ఏడాదిలో ఒకసారైనా జలుబు చేయని ఇల్లు ఈ ఊళ్లో ఉందా? టీకా వేయించుకోనివారితో పోలిక లేదు. ఫోన్లో చెప్పినదాన్ని ఆసుపత్రి రికార్డులతో సరిచూడలేదు. భారత వైద్య పరిశోధన మండలి ఈ లోపాలను ఎత్తిచూపుతూ పత్రికకు లేఖ రాసింది. ఆ సెప్టెంబరులో పత్రిక ఆ పత్రాన్ని ఉపసంహరించుకుంది.

అంతమాత్రాన టీకాకు దుష్ప్రభావాలే లేవని తేలిపోలేదు. ఆ పత్రాన్ని నమ్ముకుని ఒక నిర్ణయానికి రాకూడదని మాత్రమే తేలింది. ఈలోగా భారత్ బయోటెక్ ఆ పరిశోధకుల మీద హైదరాబాద్ సివిల్ కోర్టులో పరువునష్టం దావా వేసింది. పరిశోధనలో తప్పుంటే మెరుగైన పరిశోధనతో జవాబివ్వాలి, దావాతో కాదు. భయపడిన శాస్త్రవేత్త రేపు నిజమైన ప్రమాదం కనిపించినా నోరు విప్పడు.

నన్ను వేధించే విషయం వేరే ఉంది. మే నెలలో "ముగ్గురిలో ఒకరికి దుష్ప్రభావాలు" అన్న స్క్రీన్‌షాట్ మా బంధువుల వాట్సాప్ గ్రూపులో రోజంతా తిరిగింది. సెప్టెంబరు వార్త ఆ గ్రూపుకు చేరనే లేదు. పత్రిక వెబ్‌సైటులో పత్రం మీద ఉపసంహరణ ముద్ర పడుతుంది. స్క్రీన్‌షాట్ మీద పడదు. ఇది కొత్తా కాదు. పిల్లలకు వేసే ఎంఎంఆర్ టీకాను ఆటిజంతో ముడిపెడుతూ వేక్‌ఫీల్డ్ అనే బ్రిటిష్ వైద్యుడు ఇచ్చిన పత్రం 12 మంది పిల్లల మీద రాసినది. 1998లో అచ్చయితే, 'లాన్సెట్' వైద్య పత్రిక దాన్ని 2010లో గానీ వెనక్కి తీసుకోలేదు. ఆ భయం మాత్రం ఇప్పటికీ తిరుగుతూనే ఉంది.

ఇలాంటి ఫార్వర్డులన్నీ అమ్మమ్మలు, తాతయ్యలు పంపుతారని నవ్వుకోకండి. మా గ్రూపులో పంపినవాడు ఎంటెక్ చదివాడు! జర్నల్ పేరు కనిపిస్తే చాలు, చదువుకున్నవాళ్లే ముందు నమ్ముతారు, ముందు పంపుతారు. నాలుగేళ్లు ప్రాబబిలిటీ చదివి, పరీక్షల్లో పోలిక కోసం పెట్టే కంట్రోల్ గ్రూప్ గురించి పేజీలు రాసి, ఫోన్ పట్టుకోగానే అంతా మరిచిపోతే ఎలా నాయనా? మీ చదువుకు మీరే ఇచ్చే విలువ ఇదేనా?

రేపు మీలో చాలామంది ఈ నానక్‌రామ్‌గూడ ఆఫీసుల్లోనే, ఎవరికి ఏ పోస్టు కనిపించాలో తేల్చే ప్రోగ్రాములు రాస్తారు. ఉపసంహరించిన పత్రాల వివరాలున్న రిట్రాక్షన్ వాచ్ డేటాబేస్‌ను 2023లో క్రాస్‌రెఫ్ సంస్థ తీసుకుని అందరికీ ఉచితంగా తెరిచింది. పంచుకునే లింకును దానితో సరిచూసి, వెనక్కి తీసుకున్న పత్రమైతే హెచ్చరిక చూపే ప్రోగ్రాము రాయడం మీకు చేతకాని పని కాదు. దాన్ని తెలుగులో చూపించండి, మీ అమ్మానాన్నలకు అర్థమయ్యే మాటల్లో.

అది రాసేదాకా ఒక్క పని చేయండి. ఏ అంకె కనిపించినా దేనితో పోలిస్తే అని అడగండి. జవాబు దొరకకపోతే పంపకండి. ఇంతకుముందు పంపినది తప్పని తెలిస్తే, అదే గ్రూపులో, అదే మనుషులకు, మీ పేరుతోనే సవరణ పంపండి.